కోసిన కాక్టస్ ముక్కకి నీళ్లు పొయ్యకండి

ఒరే పెద్దోడా, ఒసే బుల్లీ, ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను, ఒకరు చదివాక ఇంకొకరికి ఫార్వర్డ్ చెయ్యండి. మన పెరట్లో స్తంభం కాక్టస్ నుంచి కోసిచ్చిన ముక్కలకి రోజూ ఎన్ని నీళ్లు పొయ్యాల అని అడిగారు కదా, ఒక్క చుక్క కూడా వద్దు. కుండీలో కూడా పెట్టొద్దు ఇంకా. ఇదేటి అమ్మమ్మ ఇలగ అంటోంది, మొక్కకి నీళ్లొద్దా అనుకుంటారని తెలుసు, అందుకే ఇంత రాస్తున్నాను.

ఆ ముక్క ఇప్పుడు మొక్క కాదు, గాయం. వేర్లు లేవు కాబట్టి నీళ్లు తాగలేదు, కానీ కోసిన చోట పచ్చిగా ఉంది కాబట్టి తడి మట్టిలో ఉన్న బూజులూ బ్యాక్టీరియా అన్నీ ఆ దారినే లోపలికి దూరతాయి. మీరు ప్రేమగా పోసిన నీళ్లు మొక్కకి కాకుండా వాటికి పోతాయన్నమాట. పదిరోజుల తర్వాత చూస్తే కింద మెత్తగా అయిపోయి కంపు కొడతాది. మరి నీళ్లు లేకపోతే చచ్చిపోదా అంటే, మన వీధి గుమ్మానికి దిష్టికని తలకిందులుగా కట్టిన కలబంద చూసేరు కదా, మట్టి లేదు నీళ్లు లేవు, నెలల తరబడి అలగే పచ్చగా ఉంటాది, కొత్త ఆకు కూడా వేస్తాది. ఇదీ ఆ బాపతే. ఒళ్లంతా నీళ్లే, పైన మైనం లాంటి తోలు ఉంటాది కాబట్టి ఆరిపోదు. ఇంకో సంగతి, మామూలు చెట్లకి గాలి పీల్చే సన్న రంధ్రాలు పగలు తెరుచుకుంటాయి, కాక్టస్‌కి రాత్రి తెరుచుకుంటాయి. రాత్రి చల్లదనంలో కార్బన్ డయాక్సైడ్ పీల్చి మాలిక్ యాసిడ్‌గా దాచుకుంటాది, పొద్దున్న రంధ్రాలు మూసేసుకుని ఎండతో దాన్నే వాడుకుని ఆహారం చేసుకుంటాది, అందుకే నీళ్లు ఆవిరైపోవడం చాలా తక్కువ. ఈ పద్ధతినే సీఏఎం అంటారు, మీ సైన్స్ టీచర్ని అడగండి, చెప్తారు.

కాబట్టి ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే, పక్కు కట్టనివ్వడం. పాలిథిన్ కవర్లోంచి తీసేశారా లేదా ముందు చెప్పండి, తియ్యకపోతే ఉత్తరం ఆపి ఇప్పుడే తీసేయండి, అందులో చెమట పట్టి కుళ్లిపోతాది. పాత పేపర్ చుట్టి, ఎండ తగలని చోట గాలి ఆడేలా నిలబెట్టండి, ఖాళీ బకెట్లో నిలబెట్టినా సరే. పడుకోబెడితే కొన్నాళ్లకి కొస వెలుగు కోసం పైకి వంకర తిరుగుతాది, వేర్లు పక్కల నుంచి వస్తాయి, తర్వాత నిలబెట్టినా ఆ వంకర పోదు. కింది వైపుకి మార్కర్‌తో బాణం గీసి ఇచ్చాను చూడండి, అది చెరపొద్దు, మధ్య ముక్కకి ఏది పైనో ఏది కిందో కొన్నాళ్లకి మీకే తెలీదు, తలకిందులుగా నాటితే సరిగ్గా రాదు.

ఎన్నాళ్లు అంటే ముక్క లావుని బట్టి. వేలంత సన్నదైతే వారం చాలు, మీకిచ్చినవి చెయ్యి మణికట్టు కన్నా లావు కాబట్టి మూడు నాలుగు వారాలు పడతాది. పెద్దోడా మీ హైదరాబాద్ గాలి పొడి కాబట్టి నీది బేగి ఆరుతాది, బుల్లీ మీది వైజాగ్ కదా, సముద్రం గాలికి తేమ ఎక్కువ, నువ్వు ఇంకో రెండు వారాలు ఎక్కువే ఉంచు, పోటీ పడి వాడు నాటేశాడని నువ్వు నాటీకు. గోరుతో తట్టితే గట్టిగా ఎండిన తోలు శబ్దం రావాలి.

కోత గురించి కూడా చెప్తాను, మళ్లీ మీరే కోసుకోవాలి కదా. కత్తి స్పిరిట్‌తో తుడిచి కోశాను, ఒక్కో కోతకి మళ్లీ తుడిచాను, అది చాదస్తం కాదు, ఒక చెట్టు జబ్బు ఇంకో చెట్టుకి కత్తి మీదే వెళ్తాది. కోసిన ముఖం మీద మధ్యలో ఒక గుండ్రటి వలయం కనపడింది కదా, వేర్లు పుట్టేది ఆ వలయం దగ్గర నుంచే. అంచులు చుట్టూ ఏటవాలుగా చెక్కాను ఎందుకంటే, ఆరేటప్పుడు మధ్యలో కండ లోపలికి కుంచించుకుపోయి గుంట పడతాది, అంచు తోలు మాత్రం గట్టిగా అలగే నిలబడిపోతాది, అప్పుడు వేర్లు మట్టికి అందకుండా గాల్లో ఉండిపోతాయి. ఆ వలయం నారింజ రంగులోనో గోధుమ రంగులోనో ఉంటే లోపల కుళ్లు ఉన్నట్టు, శుభ్రంగా తెల్లగా పచ్చగా కనపడేదాకా ఇంకా పైకి కోసుకుంటూ పోవాలి. ఆరేటప్పుడు కూడా రోజు విడిచి రోజు ఒకసారి చూస్తూండండి. గంధకం పొడి ఉంటే కొంచెం అద్దండి, లేకపోయినా పర్లేదు.

ఇక్కడ ఒక మాట. బుల్లి మొన్న కొండ దగ్గర బొమ్మజెముడు చూసి ఇదీ కాక్టసే అంది. కాదే. చూడ్డానికి ముళ్లూ గట్లూ ఒకేలా ఉంటాయి గానీ అది యూఫోర్బియా జాతి, గిల్లితే తెల్లటి పాలు వస్తాయి, ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, తమాషాకి కూడా తుంచొద్దు. కంచెలకి వేసే కాడజెముడూ అంతే. అసలు కాక్టస్ జాతంతా, ఒక చిన్న రకం తప్ప, అమెరికా ఖండాలది. మన పొలం గట్ల మీద నాగజెముడు మాత్రం నిజంగా కాక్టసే, అదీ అక్కడి నుంచి వచ్చిందే. గుర్తు పట్టడం సులువు, కాక్టస్‌కి ముళ్లు ఒక చిన్న నూగు బొడిపెలోంచి గుత్తిగా వస్తాయి, ఆ బొడిపెలోంచే పువ్వూ కొమ్మా వస్తాయి, బొమ్మజెముడుకీ కాడజెముడుకీ అలాంటిది ఉండదు. నర్సరీ వాళ్లు రెండిటినీ కాక్టసే అని అమ్మేస్తారు, వాళ్లతో దెబ్బలాడకండి.

పక్కు కట్టాక మట్టి కుండీ తీసుకోండి, ప్లాస్టిక్‌ది కాదు, ముక్క కన్నా కాస్త వెడల్పు ఉంటే చాలు, అడుగున చిల్లు తప్పదు. సగం ఇసుకా చిన్న కంకరా ఇటుక ముక్కలూ, సగం ఎర్రమట్టీ కాస్త మాగిన పశువుల ఎరువూ. ఎరువు ఎక్కువ వేస్తే మెత్తగా ఊరిపోయి పడిపోతాది. ఇసుక ఇక్కడైతే నాగావళిది దొరుకుతాది, బుల్లీ నువ్వు మాత్రం బీచ్ నుంచి తెచ్చీకు, అది ఉప్పు. ఒక అంగుళం, మహా అయితే రెండంగుళాలు లోతు పెట్టండి, అంతకన్నా పాతితే కుళ్లుకి దగ్గర చేసినట్టే. అంత పైపైన పెడితే నిలబడదు కదా, అందుకని మూడు కర్రలు పాతి పాత చీర పీలికతో వదులుగా కట్టండి. కదిలితే కొత్త వేర్లు తెగిపోతాయి.

నాటేక కూడా నీళ్లొద్దు, మళ్లీ చెప్తున్నాను. రెండు మూడు వారాలు పోయాక మెల్లిగా కదిపి చూడండి, పట్టుకున్నట్టు ఉంటే వేర్లు వచ్చినట్టు, అప్పుడు కాసిన్ని నీళ్లు. రోజూ పీకి చూడకండిరా! ఒగ్గీయండి దాన్ని. కొసన లేత ఆకుపచ్చ రంగు కొత్తగా కనపడిందంటే ఇంక భయం లేదు. తర్వాత నుంచి పోసినప్పుడు కింద చిల్లులోంచి కారేలా పొయ్యాలి, మట్టి పూర్తిగా ఆరాకే మళ్లీ పొయ్యాలి, చలికాలంలో ఇంకా తక్కువ, ముసురు పట్టినప్పుడు కుండీని చూరు కిందకి జరపాలి. ఎండ కావాలి గానీ ఒక్కసారిగా మే నెల డాబా మీద పెడితే తెల్లగా మాడిపోతాది, ఆ మచ్చ జన్మలో పోదు, పొద్దుటి ఎండతో మొదలుపెట్టి మెల్లిగా అలవాటు చెయ్యండి. మరీ చీకటి బాల్కనీ అయితే కొస సన్నగా సూదిలా సాగిపోతాది, అదీ బాగోదు.

గట్ల మధ్య తెల్లగా దూదిలా కనిపిస్తే పిండినల్లి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. దాని చుట్టం ఒకటి ఉంది, కోచినీల్ అని. 1795లో ఎర్ర రంగు తీసే పురుగనుకుని బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చారు, తీరా చూస్తే అది అసలు రంగు పురుగు కాదు, వేరే రకం, రంగు పెద్దగా రాలేదు గానీ ఒక రకం నాగజెముడుని మాత్రం తినేసింది.

పెద్దోడు అడిగిన రెండోది, ఏ స్తంభం కాక్టస్ అయినా ఇలగే వస్తాదా అని. మన దగ్గరున్నవి సెరియస్ అనే జాతి రకాలు, అవి సులువుగా వస్తాయి. ఇంగ్లిష్ సినిమాల్లో చేతులెత్తి నిలబడినట్టు కనిపిస్తాదే, అరిజోనా సగ్వారో, అది ముక్కలతో రావడం చాలా కష్టం, గింజల నుంచే పెంచుతారు, మొదటి ఎనిమిదేళ్లలో అంగుళమో అంగుళంన్నరో పెరుగుతాది, కొమ్మ వెయ్యడానికి యాభై ఏళ్లు దాటుతాయి. మనది ఏడాదికే కళ్లకి కనపడేలా పెరుగుతాది, అందుకే నాకు ఇదే ఇష్టం, నా వయసుకి సగ్వారో ఏటి చేసుకుంటాను.

కొయ్యడానికి మంచి కాలం శివరాత్రి ముందూ వెనకా, ఎండ ఇంకా ముదరక ముందు. వానల్లో కొయ్యొద్దు. తుఫానుకి విరిగితే వేరే సంగతి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరీ జీడీ వేళ్లతో సహా పడిపోయాయి, అలాంటి గాలికి తల బరువున్న ఈ కాక్టస్ నిలబడతాదేటి. విరిగిన చోట చింపిరిగా ఉంటాది కాబట్టి నున్నగా మళ్లీ కోసి ఆరబెట్టుకోవాలి. తల్లి చెట్టుకి మిగిలిన మోడుని పీకొద్దు, వాన నీరు నిలవకుండా పైన ఏటవాలుగా కోస్తే కోత కింద బొడిపెల్లోంచి రెండు మూడు పిలకలు వస్తాయి. మీకు కోసిచ్చిన చోట కూడా ఇప్పుడు చిన్న బుడిపె ఒకటి కనపడుతోంది.

పువ్వులెప్పుడు అని బుల్లి అడుగుతాది. రాత్రి విచ్చుకుని తెల్లారాక వాడిపోయే తెల్లటి పెద్ద పువ్వు, మీకిచ్చినవి పూసే చెట్టు ముక్కలే కాబట్టి గింజ మొక్కంత ఆలస్యం ఉండదు, కానీ ముందు వేర్లు రానివ్వండి.

ఫోటో పంపేటప్పుడు పైన కొస కాదు, కోసిన అడుగు దగ్గరగా తీసి పంపండి. ముళ్లు గుచ్చుకోకుండా పేపర్ మడతపెట్టి పట్టుకోండి.

ఇట్లు,
ఆమదాలవలస నుంచి మీ అమ్మమ్మ