రాణిగారు నిజంగా దూకారా?

చిరంజీవులు చిన్నూకి, సిరికి,

మీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఏదో చిన్న క్లిప్పు చూపించి, "అమ్మమ్మా, ఈ ముసలి రాణి నిజంగా హెలికాప్టర్‌లోంచి దూకిందా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే సిగ్నల్ పోయింది. మళ్ళీ చేసేసరికి మీరు ఆడుకోడానికి వెళ్ళిపోయారని మీ అమ్మ చెప్పింది. అయినా ఇది ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు మీ ప్రశ్నకి జవాబు. దూకలేదు. దూకింది గ్యారీ కానరీ అనే స్టంట్‌మన్. రాణిగారి గౌనులాంటి గౌను వేసుకుని, తెల్లజుట్టు విగ్గు పెట్టుకుని ప్యారాచూట్‌తో దిగాడు. కానీ అంతకుముందు బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటూ కనిపించిందే, ఆవిడ నటి కాదు. సాక్షాత్తూ ఎలిజబెత్ రాణిగారే. అసలు తమాషా అంతా అక్కడే ఉంది.

అది 2012 జూలై 27, శుక్రవారం. లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం. అక్కడ రాత్రి తొమ్మిదికి మొదలైతే మనకి అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. అప్పటికింకా మీ అమ్మకి పెళ్ళి కాలేదు. తాతయ్యా, నేనూ, అదీ ముగ్గురం చాప పరుచుకుని టీవీ ముందు చేరాం. మర్నాడు పొద్దున్నే నాకు పిల్లల వార్డులో డ్యూటీ. కాసేపు చూసి పడుకుందాం అనుకున్నదాన్ని, తెల్లారగట్ల టీవీ కట్టేసి నేరుగా పాలు కాచుకోడానికే లేచాను.

ఆ రాత్రి జనం అంతలా ఎందుకు మురిసిపోయారో తెలియాలంటే, దానికి ముందు వాళ్ళు ఎంత బెంగగా ఉన్నారో మీకు చెప్పాలి. నాలుగేళ్ళ ముందు, 2008లో, చైనావాళ్ళు బీజింగ్‌లో చేసిన ప్రారంభోత్సవం చూసి లోకమంతా నోరెళ్ళబెట్టింది. 2008 మంది ఒకేసారి వాద్యాలు మోగించారు. అంతమందిలో ఒక్క చెయ్యి కూడా తేడాగా లేచినట్టు కనపడలేదు నాకు. దాని తర్వాత ఎవరు చేసినా తేలిపోతారు అనుకున్నారు అందరూ. బ్రిటన్‌లో వాళ్ళకే నమ్మకం లేదు. ఖర్చు దండగన్నారు, ట్రాఫిక్ జామ్‌లన్నారు. ఆ వేసవంతా వానలు. కాపలా మనుషులు చాలక చివర్లో సైన్యాన్ని పిలవాల్సొచ్చింది. పరువు పోతుందేమోనని ఒకటే టెన్షన్.

ఆ బాధ్యత సినిమా దర్శకుడు డానీ బాయిల్ తలకెత్తుకున్నాడు. ముంబై మురికివాడ కుర్రాడి కథతో 8 ఆస్కార్లు గెలిచిన సినిమా తీసింది ఈయనే. బీజింగ్‌తో పోటీకి దిగకపోవడంలోనే ఈయన తెలివంతా ఉంది. మనింటికి చుట్టాలొస్తే అటక మీది వెండి సామాను దింపి వరసగా పేర్చి చూపించొచ్చు. లేదా వాళ్ళని వంటింట్లోకే తీసుకెళ్ళి పీట వేసి, వేడివేడిగా వడ్డిస్తూ, తాతగారి చాదస్తాల గురించి చెప్పి నవ్వించొచ్చు. ఆయన రెండోదే చేశాడు.

టీవీ పెట్టేసరికి స్టేడియం మధ్యలో ఒక పల్లెటూరు! ప్లాస్టిక్‌ది కాదర్రా, నిజమైన పచ్చిక. గొర్రెలు, గుర్రాలు, ఆవులు, మేకలు, బాతులు, కోళ్ళు. ఓ పక్కన తెల్లబట్టలు వేసుకుని క్రికెట్ ఆడుతున్నారు. దూదిలాంటి మబ్బుల్ని తాళ్ళు కట్టి మనుషులు పట్టుకు తిరుగుతున్నారు. వాన దేశం కదా, ఆ మబ్బుల్ని చూసి అక్కడివాళ్ళే ముందు నవ్వుకుని ఉంటారు. మీ తాతయ్యయితే "ఒలింపిక్స్‌లో గొర్రెలేమిటే!" అని లేచి నిలబడ్డారు.

ఆ పచ్చికని మనుషులే చుట్టచుట్టి తీసుకుపోతుంటే, భూమిలోంచి పెద్ద పెద్ద ఫ్యాక్టరీ పొగగొట్టాలు లేచాయి. దాదాపు వెయ్యిమంది డ్రమ్ములు వాయించారు. కొందరి దగ్గర డ్రమ్ములే లేవు, బకెట్లు, చెత్తడబ్బాలు! పారిశ్రామిక విప్లవం అని మీ సోషల్ పుస్తకంలో ఉంటుందే, దాన్ని అలా చూపించారు. కొలిమిలో కాలిన ఇనుములా ఎర్రగా మెరుస్తూ ఐదు వలయాలు పైకి లేచి, ఒకదాన్నొకటి తాకి నిప్పురవ్వలు కురిశాయి. మీ అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ నొప్పి ఇప్పటికీ గుర్తే.

ఆ తర్వాత రాణిగారు. మీకు ఆవిడ క్లిప్పులో చూసిన ఒక ముసలావిడ, అంతే. అక్కడివాళ్ళకి అలా కాదు. అప్పటికి ఆవిడ గద్దెనెక్కి 60 ఏళ్ళు. వయసు 86. నాణెం మీదా, నోటు మీదా, స్టాంపు మీదా ఆవిడ ముఖమే. నలుగురిలో నవ్వినా కొలిచినట్టే నవ్వేవారు. అలాంటావిడ గదిలోకి సినిమా గూఢచారి జేమ్స్ బాండ్ వచ్చాడు. అంటే అప్పట్లో ఆ వేషం వేసిన డేనియల్ క్రెగ్. కాళ్ళ దగ్గర ఆవిడ పెంపుడు కుక్కపిల్లలు. ఆవిడ ఇటు తిరగలేదు, రాసుకుంటూనే ఉన్నారు. అతను చిన్నగా దగ్గాడు. అయినా తిరగలేదు. ఎవరో నటిని పెట్టుంటారులే అని అందరం అనుకుంటుండగా ఆవిడ తలతిప్పి, "గుడ్ ఈవినింగ్, మిస్టర్ బాండ్" అన్నారు.

మా ఇంట్లో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తాతయ్య నవ్వడం మొదలుపెట్టారు చూడండి, పక్కింటివాళ్ళ లైటు వెలిగింది!

బాయిల్ అసలు ఆ వేషానికి ఒక నటిని పెట్టుకుందాం అనుకున్నాడట. రాణిగారే నేనే చేస్తానన్నారట, తనకో డైలాగు కూడా కావాలన్నారట. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకుండా దాచారని చెబుతారు. హెలికాప్టర్ లండన్ మీదుగా ఎగురుతుంటే చర్చిల్ విగ్రహం కదిలి చూడటం, స్టేడియం మీద ఆకాశంలో ప్యారాచూట్‌లు తెరుచుకోవడం, వెంటనే అదే గులాబీ రంగు గౌనుతో అసలు రాణిగారు మెట్ల దగ్గర ప్రత్యక్షమవడం... స్టేడియం హోరెత్తిపోయింది. ఆవిడ ముఖం మాత్రం ఎప్పటిలాగే గంభీరంగా ఉంది, ఏమీ జరగనట్టే. నాకు అదే అన్నిటికన్నా నచ్చింది.

మీకు తప్పకుండా నచ్చేది మిస్టర్ బీన్. వాద్యబృందాన్ని నడిపించే సైమన్ రాటిల్ చేతిలో కర్ర తిప్పుతుంటే లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా మహా గంభీరమైన బాణీ వాయిస్తోంది. పరుగు పందెం సినిమాలోది, ప్రపంచమంతా ఎరిగిన బాణీ. కెమెరా అలా జరుగుతూ వెళ్ళి కీబోర్డు దగ్గర ఆగింది. ఒకే మెట్టు మీద ఒకే వేలుతో టింగ్ టింగ్ అని కొడుతూ బీన్ వేషంలో రోవాన్ అట్కిన్సన్! విసుగొచ్చి వాచీ చూసుకున్నాడు, ఫోన్ తీశాడు. తుమ్మొచ్చింది. రుమాలు వెనక సంచిలో ఉంది. వేలు తీస్తే పాట ఆగిపోతుంది. అందుకని గొడుగు తీసుకుని దాని కొనతో ఆ మెట్టునే కొడుతూ రెండో చేత్తో సంచి వెతుక్కున్నాడు. ఆ తర్వాత కలలో సముద్రపొడ్డున పరుగెత్తడం, వెనకబడితే కారెక్కి ముందుకు రావడం నేను చెప్పను, చూసి నవ్వుకోండి. ఏ భాషా రానక్కర్లేదు. అందుకే ఏ దేశంలో చూసినవాళ్ళయినా ఒకేచోట నవ్వారు.

ఇప్పుడు నా సంగతి. నేను 31 ఏళ్ళు నర్సుగా పనిచేశానని మీకు తెలుసు కదా. స్టేడియంలోకి ఉన్నట్టుండి వందలకొద్దీ ఆసుపత్రి మంచాలు వచ్చాయి. మూడు వందలకు పైనే. మంచాల మీద నైట్‌డ్రెస్సుల్లో పిల్లలు ఎగిరెగిరి గెంతుతున్నారు. చుట్టూ పాతకాలం నర్సు బట్టల్లో డాన్సు చేస్తున్న ఆరేడు వందలమందిలో చాలామంది నిజంగా ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, డాక్టర్లు, సిబ్బందే! డ్యూటీ అయ్యాక, వానలో కూడా, నెలల తరబడి రిహార్సల్ చేసి వచ్చారు. జీతం లేదు.

బ్రిటన్‌లో 1948 జూలై 5 నుంచి ప్రభుత్వమే అందరికీ వైద్యం చూస్తోంది. ఎన్‌హెచ్‌ఎస్ అంటారు. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్ళడమే, చేతిలో డబ్బు పెట్టక్కర్లేదు. మన దేశం నుంచి వెళ్ళిన డాక్టర్లు, నర్సులు అక్కడ ఎంతోమంది, తెలుగువాళ్ళు కూడా. కోటల్ని, యుద్ధ నౌకల్ని చూపించాల్సిన చోట ఆ దేశం మంచం పక్కన నిలబడే మనిషిని చూపించింది. నేను ఏడ్చాను. మీ అమ్మ "ఎందుకమ్మా?" అంది. నాకేం చెప్పాలో తెలియలేదు.

పిల్లల ఆసుపత్రికీ కథల పుస్తకాలకీ ముడి ఎందుకేశారో కూడా చెప్పాలి. పీటర్ పాన్ కథ రాసిన జె.ఎం. బారీ ఆ కథ మీద హక్కుల్ని 1929లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి ఇచ్చేశారు. అందుకే మీ హ్యారీ పోటర్ రచయిత్రి జె.కె. రౌలింగ్ వచ్చి ఆ కథలోంచి కొన్ని వాక్యాలు చదివారు. దుప్పటి కింద దీపం పెట్టుకుని ఓ పిల్ల చదువుకుంటుంటే, కథల్లోని దుష్టులంతా పెద్ద పెద్ద బొమ్మలుగా లేచారు, మీ వోల్డెమార్ట్‌తో సహా. అప్పుడు ఆకాశంలోంచి గొడుగులు పట్టుకుని మేరీ పాపిన్స్‌లు దిగారు. మేరీ పాపిన్స్ అంటే పిల్లల కథలోని మాయల ఆయా. ఒకరు కాదు, ముప్ఫైమందికి పైనే. దుష్టులు పరార్. చివర్లో వచ్చిన భారీ పసిబిడ్డ బొమ్మ మాత్రం నాకు నచ్చలేదు, ఎందుకో భయమేసింది.

పాటల డాన్సుల ముక్క మరీ ఎక్కువసేపు సాగింది, అప్పుడే కాఫీ కలుపుకొచ్చాను. సరిగ్గా సమయానికి వచ్చాను. ఒక ఇల్లు పైకి లేస్తే లోపల కంప్యూటర్ ముందు ఓ మనిషి కూర్చుని ఉన్నాడు. టిమ్ బెర్నర్స్-లీ. మీరు రోజూ చూసే వెబ్‌ని కనిపెట్టింది ఆయనే, డబ్బు అడక్కుండా లోకానికి వదిలేసిందీ ఆయనా ఆయన సంస్థే. ఆయన ఒక్క వాక్యం టైప్ చేస్తే స్టేడియం చుట్టూ దీపాలతో వెలిగింది. "ఇది అందరికోసం" అని.

అందరికీ నచ్చిందని చెప్పను. ఇదంతా ఒక పక్షం రాజకీయం అని సణిగినవాళ్ళు అక్కడా ఉన్నారు. కానీ ఒక దశలో ఆ దేశంలో దాదాపు 2.7 కోట్లమంది ఒకేసారి టీవీ ముందున్నారు. మొత్తం జనాభాయే ఆరు కోట్ల చిల్లర! అంతకుముందే వేలమంది స్టేడియంలో కూర్చుని రిహార్సల్స్ చూసి వెళ్ళారు. బయట చెప్పి సరదా పాడుచేయొద్దని బాయిల్ అడిగాడు. అన్ని వేలమందీ నోరు కట్టుకున్నారు. మీ ఇద్దరికీ పుట్టినరోజు కానుక ఒక్కపూట దాచడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

జ్యోతి ఎవరు వెలిగిస్తారని అందరూ పెద్ద పెద్ద ఆటగాళ్ళ పేర్లు ఊహించారు. ఆ స్టేడియం కట్టిన కూలీలు, మేస్త్రీలు ఐదువందలమంది హెల్మెట్లతో రెండు వరసల్లో నిలబడి దారి ఇచ్చారు. జ్యోతి తీసుకొచ్చిన స్టీవ్ రెడ్‌గ్రేవ్, ఐదు ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన మనిషి, దాన్ని ఎవరికీ పెద్దగా తెలియని ఏడుగురు పిల్లల చేతికిచ్చేశాడు. ఒక్కో దేశం జట్టుతో ఒక్కో రాగిరేకు వచ్చింది, మొత్తం 204. నేల మీద విచ్చుకున్నట్టున్న ఆ రేకులకి వాళ్ళు నిప్పంటిస్తే అవన్నీ మెల్లగా లేచి ఒకే మంటగా కలిశాయి. ఆటలయ్యాక ఏ దేశం రేకు ఆ దేశానికి వెళ్ళింది. మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ షూటింగ్‌లో కాంస్యం గెలిచింది ఆ మంట కింద జరిగిన ఆటల్లోనే. హైదరాబాద్‌లోనే ఆడి ఎదిగిన సైనా నెహ్వాల్‌కి బ్యాడ్మింటన్ కాంస్యం వచ్చిందీ అప్పుడే.

నిద్రలేని కళ్ళతోనే పొద్దున్న వార్డుకి వెళ్ళాను. మందులిస్తూ మంచాల సంగతి తోటి సిస్టర్‌కి చెబుతుంటే, చేతికి కట్టుతో ఉన్న ఓ ఏడేళ్ళ పిల్ల దుప్పట్లోంచి తల బయటపెట్టి విన్నది.

"సిస్టరమ్మా, నిజంగా మంచాల మీద గెంతనిచ్చారా?" అంది.

"నిజంగానే."

"నర్సమ్మలు తిట్టలేదా?"

"వాళ్ళూ గెంతారు."

ఆ పిల్ల కాసేపు నన్ను అలాగే చూసింది. తర్వాత పక్క మంచం పిల్లాడిని లేపి మొత్తం కథ మళ్ళీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది, రాణిగారు దూకడం తనే కలిపేసి.

దసరాకి రండి. మీ తాతయ్య మిస్టర్ బీన్ ముక్క ఇప్పటికే మూడుసార్లు పెట్టుకుని చూశారు, మీతో నాలుగోసారి చూస్తారట. పక్కింటివాళ్ళకి ముందే చెప్పి ఉంచుతాను.

ఉంటాను,
మీ అమ్మమ్మ