14 గ్రాముల తగాదా

పశువుల పేడ, మూత్రం లాంటివాటి నుంచి గాలిలోకి లేచి రక్షిత ప్రాంతాల మీద పడే నైట్రోజన్ మీద నెదర్లాండ్స్‌లో గొడవ మళ్ళీ రాజుకుంది. ఈసారి తగాదా ఒక అంకె మీద. కొత్త పశువుల షెడ్డుకో, రోడ్డుకో అనుమతి ఇచ్చేముందు, దాని నుంచి వచ్చే నైట్రోజన్ చుట్టుపక్కల రక్షిత ప్రాంతాల మీద ఎంత పడుతుందో అక్కడ కంప్యూటర్‌లో లెక్క కడతారు. ఏడాదికి హెక్టారుకు 0.005 మోల్ (పదార్థం ఎంత ఉందో చెప్పే రసాయన శాస్త్రపు కొలత) ఉన్నా లెక్కలోకి వస్తుంది. గ్రాముల్లో చెప్పుకుంటే 0.07. ఈ గీతను 1 మోల్‌కు, అంటే 14 గ్రాములకు పెంచుతామని 2025లో ప్రభుత్వం ప్రతిపాదించింది. ఒక్కసారిగా 200 రెట్లు. అంత చిన్న మొత్తాన్ని ఫలానా షెడ్డుదే అని చెప్పగలిగేంత కచ్చితత్వం ఆ కంప్యూటర్ మోడల్‌కు లేదన్నది సర్కారు వాదన. పర్యావరణ సంఘాలు దీనికి ఒప్పుకోవడం లేదు.

ట్రాక్టర్లతో హేగ్ నగరం మీదికి వెళ్ళిన రైతులు, హైవేల మీద పగటి వేగాన్ని గంటకు 100 కిలోమీటర్లకు తగ్గించడం, 2023 ప్రావిన్సుల ఎన్నికల్లో రైతుల పార్టీ గెలుపు... ఇవన్నీ అప్పట్లో వార్తల్లో చూసినవే, వాటి జోలికి వెళ్ళను. నా లెక్కన ఈ కథ మలుపు తిరిగింది 2015 జూలై 1న. ఇవాళ కొట్టుకుంటున్న ఆ 1 మోల్ కూడా అప్పటి అంకే.

ఆ రోజు అమల్లోకి వచ్చిన నైట్రోజన్ అనుమతుల పథకాన్ని అక్కడివాళ్ళు పొట్టిగా ‘పాస్’ అంటారు. 0.05 మోల్ లోపైతే ఏమీ అక్కర్లేదు. 0.05 నుంచి 1 మోల్ మధ్య ఉంటే సర్కారుకు ఒక సమాచారం పంపితే సరిపోతుంది. 1 మోల్ దాటితేనే పర్మిట్. మరి ఈ అనుమతులకు పూచీ ఏమిటి? ముందుముందు నైట్రోజన్ తగ్గుతుందన్న అంచనా, రక్షిత ప్రాంతాల్లో చేపట్టబోయే మరమ్మతులు. రాబోయే పంటను చూపించి ఇవాళే అప్పు తెచ్చుకోవడం లాంటిదన్నమాట. దీనికి సరిగ్గా మూడు నెలల ముందు, ఏప్రిల్ 1న, యూరప్‌లో పాల కోటా, అంటే పాల ఉత్పత్తి మీద ఉన్న పరిమితి, ఎత్తేశారు. ఆవులను పెంచుకోవాలనుకున్న రైతుకు రెండు తలుపులూ ఒకే ఏడాది తెరుచుకున్నాయి.

ఈ అప్పు ఎందుకు తీరేది కాదో తెలియాలంటే గడ్డి దగ్గరికి వెళ్ళాలి.

యూరియా చల్లిన నాలుగు రోజులకు పైరు నలుపు తిరగడం మన రైతులకు కొత్త కాదు. అందుకే ‘గాలిలోంచి ఉత్తినే ఎరువు పడుతుంటే గడ్డికి వచ్చిన నష్టమేంటి’ అని ఎవరికైనా అనిపిస్తుంది. నిజమే, గడ్డి ఏపుగానే పెరుగుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. సారం తక్కువగా ఉన్న నేలలో ఏ మొక్కా మరీ పెరగలేదు కాబట్టి పదుల రకాలు పక్కపక్కనే బతుకుతాయి. నైట్రోజన్ అందగానే దాన్ని వేగంగా వాడుకోగలిగిన రెండు మూడు రకాల గడ్డి పైకి లేస్తుంది, మిగతావి దాని కింద పడిపోతాయి. నెదర్లాండ్స్‌లోని దక్షిణ లింబర్గ్ సున్నపు నేలల్లో 1980లలో డచ్ పరిశోధకుడు రోలాండ్ బొబ్బింక్ చేసిన ప్రయోగాల్లో జరిగింది ఇదే. బ్రాకీపోడియం అనే ఒకే ఒక్క గడ్డి మిగతావాటిని కప్పేసింది.

వాటిని చంపేది ఎరువా, నీడా అన్న సందేహాన్ని 2009లో జ్యూరిచ్ పరిశోధకులు తీర్చారు. వాళ్ళు చేసింది చాలా సులువైన పని. ఎరువు వేసిన గడ్డి దుబ్బుల అడుగున ట్యూబ్‌లైట్లు అమర్చారు. అడుగున వెలుతురు పడేసరికి, ఎరువు వేసినా రకాలు పోలేదు.

నీడ ఒక్కటే కారణం అనుకోవద్దు. పశువుల పేడ, మూత్రం నుంచి లేచే అమ్మోనియా నేలను పుల్లబరుస్తుంది కూడా. మన ఇళ్ళలో హోమియో మాత్రగానో, తలనూనెగానో అందరికీ తెలిసిన ఆర్నికా మొక్క సొంత ఊరు ఇలాంటి బక్క నేలల పచ్చికే. డచ్ పచ్చిక బయళ్ళలో అది అరుదైపోవడానికి అమ్మోనియం, ఆమ్లత్వం రెండూ కారణమని అక్కడి పరిశోధకులు తేల్చారు.

ఇక 14 గ్రాముల సంగతి. సున్నపు నేలల పచ్చిక ఏడాదికి హెక్టారుకు 10 నుంచి 20 కిలోల నైట్రోజన్ వరకే తట్టుకోగలదని యూరప్ నిపుణుల 2022 సమీక్ష చెబుతోంది. దాని ముందు 14 గ్రాములు లెక్కలోనివి కావు. కానీ ఏది ఎవరి షెడ్డు నుంచి వచ్చిందో గడ్డికి తెలియదు. 14 గ్రాముల చొప్పున 700 చోట్ల నుంచి వచ్చి పడితే దాదాపు 10 కిలోలు.

పోనీ, రేపు తగ్గిస్తే మొక్కలు తిరిగొస్తాయా? అమెరికాలోని సీడర్ క్రీక్‌లో 1982లో మొదలైన ప్రయోగంలో ఏటా హెక్టారుకు 10 కిలోల నైట్రోజన్ అదనంగా వేసిన మడుల్లోనే మొక్కల రకాలు 17 శాతం తగ్గాయి. ఎక్కువ మోతాదు వేసిన మడుల్లో పదేళ్ళకు ఎరువు ఆపేస్తే, మరో ఇరవై ఏళ్ళకు కూడా అవి పాత స్థితికి రాలేదు. ఇంగ్లండ్‌లోని రోథంస్టెడ్ పచ్చిక కాస్త ఆశ చూపిస్తోంది. 1856లో దాన్ని మొదలుపెట్టిన లావ్స్ స్వయానా ఎరువుల వ్యాపారి. గడ్డి దిగుబడి చూద్దామని పెట్టిన ప్రయోగం అది. ఎరువు వేయని మడుల్లో 40 దాకా రకాలుంటే, అమ్మోనియం సల్ఫేట్ వేసిన కొన్నింట్లో రెండు మూడే మిగిలాయి. 1989లో కొన్ని మడుల్లో సగానికి నైట్రోజన్ ఆపారు, అక్కడ రకాలు మెల్లగా పెరిగాయి. అయితే అక్కడ ఏటా గడ్డి కోసి బయటికి తీసుకుపోతారు, దాంతో పాటే సారమూ పోతుంది.

ఇంత నిదానంగా కోలుకునేదాన్ని పూచీగా పెట్టి అప్పు తెచ్చారు. 2018 నవంబరులో యూరప్ న్యాయస్థానం అనుమానం వ్యక్తం చేసింది. 2019 మే 29న డచ్ కౌన్సిల్ ఆఫ్ స్టేట్, అంటే సర్కారు నిర్ణయాల మీద వచ్చే కేసుల్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, ‘పాస్’ను కొట్టేసింది. రేపటి మేలు కచ్చితమని తేలకుండా ఇవాళ అనుమతి ఇవ్వడం కుదరదంది. దాదాపు 18,000 ప్రాజెక్టులు చిక్కుల్లో పడ్డాయి.

రైతు సంఘాల మాట కూడా చెప్పుకోవాలి. 1990 తర్వాత అమ్మోనియాను సగానికి పైగా తగ్గించామంటారు. పేడనీటిని పైన చల్లకుండా నేలలోకి ఎక్కిస్తున్నామని, పడేదాంట్లో మూడో వంతు దాకా పొరుగు దేశాలదేనని అంటారు. అబద్ధమేమీ కాదు. అయితే 2010 తర్వాత ఆ తగ్గుదల దాదాపు ఆగిపోయింది. పడే నైట్రోజన్‌లో సగానికి దగ్గరగా ఇప్పటికీ స్వదేశీ వ్యవసాయానిదే. 2025 జనవరి 22న పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వేసిన కేసులో హేగ్ కోర్టు ప్రభుత్వానికి గడువు పెట్టింది. నైట్రోజన్‌కు దెబ్బతినే రక్షిత భూముల్లో సగాన్ని 2030కల్లా ప్రమాదపు గీత, అంటే ఆ నేలలు తట్టుకోగల మోతాదు, కిందికి తేవాలి, లేదంటే కోటి యూరోల జరిమానా.

ఈ మొత్తంలో నాకు జాలి కలిగేది ‘పాస్’ కింద సమాచారం పంపి ఊరుకున్న సుమారు 2,500 మంది మీద, అందులో ఎక్కువమంది రైతులే. సర్కారు ఏం చెయ్యమందో అదే చేశారు. 2019 తీర్పుతో తెల్లారేసరికి అనుమతి లేనివాళ్ళయిపోయారు. 1 మోల్ గీత వస్తే వీళ్ళలో చాలామందికి పర్మిట్ అవసరమే ఉండదని ఇప్పుడు చెబుతున్నారు. 2015లోనూ వాళ్ళకు సరిగ్గా ఇదే చెప్పారు.