వంశవృక్షం 1886 దగ్గరే ఎందుకు ఆగుతుంది?

జపాన్‌లో వంశం వెతికేవాళ్లకు ఆధారం కోసెకి, అంటే కుటుంబ రిజిస్టర్. పాత కోసెకి కాగితం చేతికొస్తే ముందు కంటపడేవి ఇంటూ మార్కులు. నిలువు గీతల మధ్య కుంచెతో రాసిన పేర్లు, చాలా పేర్ల మీద పెద్ద ఇంటూ. తప్పు రాసి కొట్టేశారేమో అనుకుంటాం. కాదు, ఆ మనిషి చనిపోయాడనో, పెళ్లై మరో ఇంటి రిజిస్టర్‌లోకి వెళ్లిపోయిందనో దానర్థం. విడాకులైనవాళ్లను జపాన్‌లో ఇప్పటికీ ‘బత్సు ఇచి’ అంటారు, అంటే ‘ఒక ఇంటూ’. ఆ మాట పుట్టింది ఈ కాగితం మీదే.

పుట్టుక, చావు, పెళ్లి, దత్తత, ఇల్లరికం అన్నీ ఇంటి యజమాని పేరు కింద ఒకేచోట రాసే రిజిస్టర్ కోసెకి. పాత ఫారాల్లో తల్లిదండ్రులు, తమ్ముళ్లు, కోడళ్లు, మనవలు అందరూ కనిపిస్తారు. కోడలు ఏ ఊరి ఏ ఇంటి పిల్లో కూడా రాసి ఉంటుంది. ఆ కొస పట్టుకుని వెళ్తే ఆమె పుట్టింటి కాగితం దొరుకుతుంది. 1948లో వచ్చిన కొత్త ఫారంలో భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు మాత్రమే మిగిలారు.

ఇలా వెనక్కి పోతూ ఉంటే 1886 నాటి ఫారం దగ్గర దారి మూసుకుపోతుంది. అందులో ముసలివాళ్లు ఉంటారు కాబట్టి 1800ల తొలినాళ్లలో పుట్టినవాళ్ల పేర్లు దొరకొచ్చు. అంతకంటే పాత రిజిస్టర్ లేక కాదు. 1872లో దేశమంతా ఇల్లిల్లూ తిరిగి సుమారు 3.3 కోట్ల మందిని రాసిన ‘జిన్షిన్ కోసెకి’ ఉంది. దాన్ని చూడనివ్వరు.

ఎందుకంటే అందులో కులం ఉంది. చర్మం పని, కళేబరాల పని చేసేవాళ్లను అంటరానివాళ్లుగా చూసే ఆచారం జపాన్‌లోనూ ఉండేది. 1871లో ప్రభుత్వం ఆ హోదాలను రద్దు చేసి అందరినీ సామాన్య పౌరులన్నది. మరుసటి ఏడాది రిజిస్టర్ రాసిన గుమాస్తాలు కొన్నిచోట్ల వాళ్ల పేర్ల దగ్గర ‘కొత్త పౌరుడు’ అని చేర్చారు. ఆ ఒక్క ‘కొత్త’ చాలు, మిగతాది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పైగా కోసెకిని 1976 దాకా ఎవరైనా అడిగి చూడొచ్చు. సంబంధం ఖాయం చేసేముందు, ఉద్యోగం ఇచ్చేముందు డిటెక్టివ్‌లు ఆరా తీసేది ఇక్కడే. 1968లో జిన్షిన్ కోసెకికి సీలు వేశారు. ఆ వెలివాడల పేర్లతో అచ్చేసిన జాబితాను 200కు పైగా కంపెనీలు రహస్యంగా కొన్న సంగతి 1975లో బయటపడింది. మరుసటి ఏడాది మామూలు కోసెకి చూడటానికీ ఆంక్షలొచ్చాయి. వంశం వెతికేవాళ్లకు ఇది బాధే. అయినా మూసేయడమే సబబని నాకనిపిస్తుంది.

మూయకుండానే పోయినవీ ఉన్నాయి. 1945 యుద్ధంలో ఒకినావా ప్రధాన దీవి రిజిస్టర్లు దాదాపు అన్నీ నాశనమయ్యాయి. 2011 సునామీలో నాలుగు ఊళ్ల రిజిస్టర్లు కొట్టుకుపోయినా, న్యాయశాఖ కార్యాలయాల్లో నకళ్లుండటంతో తిరిగి రాయగలిగారు. ఇంట్లో అందరి పేర్లూ తొలగిపోయిన రిజిస్టర్లను 80 ఏళ్లే ఉంచాలన్న పాత రూల్ వల్ల కొన్ని ఆఫీసువాళ్లే పారేశారు. 2010లో ఆ గడువు 150 ఏళ్లకు పెరిగింది.

విదేశాల్లో ఉన్నవాళ్లది మరో తిప్పలు. 1885 నుంచి కూలి ఒప్పందాల మీద హవాయి, 1908లో కసాతో మారు ఓడలో బ్రెజిల్ వెళ్లినవాళ్ల మనవలకు తాత పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుసు. కోసెకిలో ఉండేది కంజి లిపి, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు; ఒకే అక్షరాన్ని పలు రకాలుగా పలకొచ్చు. పేరు ఎలా పలకాలో రాయాలన్న చట్టం 2025 మేలో గానీ అమల్లోకి రాలేదు. మనవడికి తెలిసింది పలుకు, రిజిస్టర్‌కు తెలిసింది రాత. పైగా కుటుంబం నమోదైన ‘హోన్సెకి’ ఊరు తెలియకపోతే ఏ ఆఫీసును అడగాలో కూడా తెలియదు.

2024 మార్చి నుంచి జపాన్‌లో దగ్గర్లోని మునిసిపల్ ఆఫీసుకు వెళ్తే చాలు, వేరే ఊళ్లలో ఉన్న తాతముత్తాతల కోసెకి కూడా ఇస్తారు, పాతవైతే ఒక్కోదానికి 750 యెన్‌లు. ఇచ్చేది తమవి, భార్య లేదా భర్తవి, నేరుగా పై తరాలవి, కింది తరాలవి మాత్రమే. అన్నదమ్ములది అడిగితే అక్కడ కుదరదు.

1886కు ముందు సంగతులకు గుడే దిక్కు. క్రైస్తవం మీద నిషేధం ఉన్న రోజుల్లో ప్రతి ఇల్లూ ఏదో ఒక బౌద్ధాలయం కింద పేరు రాయించుకోవాల్సి వచ్చింది, అందుకే చనిపోయినవాళ్ల పేర్లు రాసిన పుస్తకాలు అక్కడున్నాయి. కానీ వాటిలోనూ వెలివేసినవాళ్లకు పెట్టిన మరణానంతర నామాల్లో ‘పశువు’ అనే అక్షరం బయటపడింది. దాంతో ఆ పుస్తకాలను బయటివాళ్లకు చూపొద్దని పూజారులకు చెప్పారు. సొంతింటివాళ్లొచ్చి అడిగితే, చాలాచోట్ల పూజారి పుస్తకం తన వైపే ఉంచుకుని వాళ్లింటి పేర్ల వరకే చదివి వినిపిస్తాడు.