గన్ టైమా, చిప్ టైమా? పరుగు పందెం డబ్బుల దగ్గర పాత తగువు

విజయవాడలో ఓ ఆదివారం పది కిలోమీటర్ల పరుగు ముగిశాక, బహుమతుల టెంటు దగ్గర గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు ఫోనులో తన టైము అందరికీ చూపిస్తున్నాడు. మూడో బహుమతి వచ్చినవాడి కంటే అతనిది పదకొండు సెకన్లు తక్కువ. చెక్కు మాత్రం అవతలివాడికే వెళ్లింది. చుట్టూ ఉన్నవాళ్లు మోసం అన్నారు. నేను చూసినంతలో అక్కడ మోసం లేదు, కానీ పిల్లాడికి నియమం ఎవరూ ముందు చెప్పలేదు.

గుంపులో వెనక నిలబడ్డవాడు స్టార్టు గీత దాటేసరికే అర నిమిషం గడిచిపోతుంది. బిబ్‌కు, అంటే ఛాతీ మీది నంబరు కాగితానికి, అంటించిన చిప్ ఆ అర నిమిషాన్ని తీసేసి లెక్కగడుతుంది; అది చిప్ టైము. ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం నిబంధనల్లో మాత్రం అధికారిక టైము తుపాకీ మోగిన క్షణం నుంచే; అది గన్ టైము. ముగింపు గీత ముందుగా దాటినవాడే విజేత. నాకూ అదే న్యాయంగా తోస్తుంది: కంటికి కనిపించని ప్రత్యర్థిని ఎవరు వెంటాడగలరు?

అయితే ఈ నియమం వేలమంది కలిసి పరిగెత్తే పందేల కోసం పుట్టింది కాదు. అసలు పరుగులో డబ్బు తీసుకోవడమే చాలాకాలం నిషిద్ధం. తొమ్మిది ఒలింపిక్ స్వర్ణాల ఫిన్లాండ్ రన్నర్ పావో నుర్మి పోటీలకు డబ్బు పుచ్చుకున్నాడని 1932 ఒలింపిక్స్‌కు రానివ్వలేదు. తెర వెనక కవర్లు చేతులు మారుతూనే ఉండేవి. 1981లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన 15 కిలోమీటర్ల పందెంలో కొందరు రన్నర్లు తెగించి, బహిరంగంగా నగదు తీసుకున్నారు. 1897లో మొదలైన బోస్టన్ మారథాన్ నగదు బహుమతులు ఇచ్చింది 1986 నుంచే.

డబ్బు వచ్చాక పేరున్న, అంటే ఎలైట్, రన్నర్లకు ముందు వరస, మిగతావాళ్లకు వెనక వరస అయింది. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో మహిళల మారథాన్‌లో ఓ టీచరు 2 గంటల 55 నిమిషాల్లో పూర్తిచేసింది. ఎలైట్ విజేత కంటే పది నిమిషాలకు పైగా వేగం. ఆమె ఎలైట్ వరసలో బయలుదేరలేదని మొదట గెలుపు ఇవ్వలేదు, గోల అయ్యాక ఆమెనూ విజేతగా ఒప్పుకున్నారు. 2018లో బోస్టన్‌లో చలి వానకు ఎలైట్ మహిళలు చాలామంది మధ్యలోనే ఆగిపోయారు. వాళ్ల తర్వాత 28 నిమిషాలకు బయలుదేరిన సామాన్య రన్నర్లలో ఓ నర్సుది మహిళల్లో అయిదో మంచి టైము. నిబంధన ప్రకారం ఆమెకు పైసా రాకూడదు. చివరికి నిర్వాహకులు అయిదో స్థానానికి ఇచ్చే మొత్తాన్నే ఆమెకు విడిగా చెల్లించారు.

ఇచ్చిన డబ్బు వెనక్కి రాబట్టడం ఇంకో తంటా. 2010 లండన్ మారథాన్ విజేత షోబుఖోవా డోపింగ్‌లో దొరికితే, 2017లో లండన్ హైకోర్టు 3 లక్షల 77 వేల పౌండ్లకు పైగా తిరిగి కట్టమంది.

మన దగ్గర ఎలైట్ వరస అన్నదే లేని పందేలే ఎక్కువ. బస్సు దిగి వచ్చిన కుర్రాడు ఫీజు కట్టి, ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిలబడతాడు. అందుకే గన్ టైమా, చిప్ టైమా అన్నది రిజిస్ట్రేషన్ ఫారంలోనే తెలుగులో ఉండాలి. బిబ్ ఇచ్చేటప్పుడు నోటితోనూ చెప్పాలి. బహుమతి మీద ఆశతో పరిగెత్తేవాళ్లను ముందు వరసలోకి పిలవాలి.

ఆ గుంటూరు కుర్రాడు తర్వాతి పందేనికి తెల్లారకముందే వచ్చాడు. స్టార్టు తాడు పట్టుకుని, అక్కణ్నుంచి కదల్లేదు.