దుమ్ముకు రెండు జల్లెడలు

సహారా మీద లేచిన దుమ్ము మీటియోశాట్ అనే వాతావరణ ఉపగ్రహపు చిత్రాల్లో గులాబీ రంగులో ఉంటుందేం, అక్కడి ఇసుక ఆ రంగేనా అని కందుకూరు నుంచి ఒక పాఠకుడి ప్రశ్న. ఇసుక రంగుకూ దానికీ సంబంధం లేదు. అసలు అక్కడ కనబడేది ఇసుకే కాదు. మైపాడు తీరాన గాలికి లేచిన ఇసుక మోకాలెత్తున గెంతుకుంటూ పోయి సరుగుడు తోట మొదట్లో ఆగిపోతుంది. ఎడారిలోనూ దాదాపు అంతే. కిలోమీటర్ల ఎత్తుకెక్కి రోజుల తరబడి తిరిగేది చాలావరకు 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు దుమ్ము. అది ఎక్కువగా లేచేది దిబ్బల నుంచి కాదు, చాద్ దేశపు బొడెలె పల్లం లాంటి ఎండిపోయిన సరస్సుల అడుగు నుంచి.

మామూలు ఫొటోలో ఇసుకనేల మీద దుమ్ము కంటికి ఆనదు. రాత్రయితే ఫొటోనే లేదు. కాబట్టి నేల వెదజల్లే వేడిని రెండు తరంగదైర్ఘ్యాల దగ్గర కొలుస్తారు: 10.8, 12 మైక్రాన్లు. వీటిని రెండు జల్లెడలనుకోండి, వేడిని బియ్యమనుకోండి. దుమ్ములోని సిలికేట్లు 10.8 జల్లెడ కళ్లను ఎక్కువగా పూడుస్తాయి, 12ను తక్కువ. నీటి ఆవిరి, పలచని మంచు మేఘం దీనికి తలకిందులు. ఉదాహరణకు 10.8 దగ్గర 38 డిగ్రీలు, 12 దగ్గర 40 వచ్చాయనుకుందాం. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మైనస్ 2. మైనస్ వచ్చిందంటే దుమ్మని అనుమానించాలి. అగ్నిపర్వతపు బూడిదకూ ఇదే గుర్తు. రంగులద్దేటప్పుడు తీసివేతను తిరగేసి ఎరుపుకిస్తారు, 10.8 దగ్గరి వేడిని నీలానికిస్తారు. రెండూ కలిసి గులాబీ.

జల్లెడ పోలికకు ఒక లొసుగుంది. దుమ్ము పట్టుకున్న వేడిని మింగి ఊరుకోదు, తన వేడిని తానూ పైకి పంపుతుంది. ఎత్తున ఉన్న చల్లటి దుమ్ము పది గింజలు పట్టుకుని ఐదే వదులుతుంది, ఆ లోటే మనకు ఆధారం. నేలనంటుకున్న దుమ్ము నేలంత వేడిగా ఉంటే పట్టిన పదీ తిరిగిచ్చేస్తుంది. లెక్క సరిపోయింది, ఉపగ్రహం దృష్టిలో దుమ్మే లేదు! మరీ దట్టమైన దుమ్మూ ఇలాగే మోసం చేస్తుంది: రెండు జల్లెడలూ పూర్తిగా పూడుకుపోయి తేడా తగ్గుతుంది.

ఇక మన వేసవి సుడిగాలిలో దెయ్యం ఉందో లేదో ఉపగ్రహాన్ని అడిగి లాభం లేదు. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన వాతావరణ ఉపగ్రహం ఇన్సాట్-3డీఎస్ తీసే థర్మల్ (వేడి) చిత్రంలో ఒక్కో చుక్కే 4 కిలోమీటర్లు.

పొడిగాలి ఉన్న థార్ మీద ఈ తీసివేత బాగా పనిచేస్తుంది. నెల్లూరు, ఒంగోలు తీరాల్లో గాలి నిండా తేమ. దుమ్ము లేకున్నా తేడా ప్లస్ 2 వైపు ఉంటే, దుమ్ము తెచ్చిన మైనస్ 2 దాంతో చెల్లిపోయి సున్నా మిగులుతుంది. ఇలాంటి చోట సున్నాతో పోల్చకూడదు. ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో అదే వేళకు, అదే చుక్కలో వచ్చిన తేడాను తీసేసి, మిగిలినదాన్ని చూడాలి.