బావి మన చేలో, లీజు ఎవరి పేర?

కోనసీమలో కొబ్బరితోటల మధ్య అక్కడక్కడా కంకర పరిచి, కంచె వేసి, గేటుకు తాళం పెట్టిన గ్యాస్ బావుల జాగాలు కనిపిస్తాయి. లోపల చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. సిమెంటు గుంటలోంచి పైకి లేచిన ఇనుప గొట్టం, దాని మీద ఒకదానిపై ఒకటి బిగించిన వాల్వులు, వాటిని తిప్పే చక్రాలు. చమురు పనిలో ఉన్నవాళ్లు దీన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. బావి తవ్వే రిగ్గు ఉన్నన్నాళ్లూ రాత్రీపగలూ లైట్లు, జనరేటర్ల హోరు, బురద గుంటలు, రోడ్లు కుంగదీసే లారీలు. అది వెళ్లిపోయాక మిగిలేది ఈ వాల్వుల దొంతరే. అక్కణ్ణుంచి ఒక పైపు భూమిలోకి దిగి, చుట్టుపక్కల వాళ్ల చేల కిందుగా గ్యాస్ కలెక్టింగ్ స్టేషన్‌కు పోతుంది.

ఆ జాగా ఇచ్చిన రైతును లీజు సంగతి అడిగితే, సైటుకు ఏడాదికి ఇంత వస్తోందని చెప్తాడు. లేదంటే మొదట అద్దెకని తీసుకుని, గ్యాస్ పడ్డాక భూమే తీసేసుకున్నారంటాడు. అయితే చమురు చట్టాల్లో లీజంటే ఇది కాదు. అసలు లీజు ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య జరుగుతుంది. అందులో రైతు పేరు ఉండదు.

ఇదెలా వచ్చిందో తెలియాలంటే 1948కి వెళ్లాలి. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే ఆయిల్‌ఫీల్డ్స్ చట్టం చేశారు. అప్పటికి మన దేశంలో చమురంటే అస్సాంలోని దిగ్బోయే. ఆ చట్టం కింద 1959లో పెట్రోలియం, సహజవాయు నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం అన్వేషణకు లైసెన్సు, తవ్వి తీయడానికి మైనింగ్ లీజు ఉండేవి. నేల మీది క్షేత్రాల్లో కేంద్రం అనుమతితో రాష్ట్ర ప్రభుత్వం లీజు ఇస్తుంది, రాయల్టీ కూడా రాష్ట్ర ఖజానాకే చేరుతుంది. సహజవాయువుకైతే అది బావి దగ్గరి ధరలో 10 శాతం. ఆ నియమాల్లో లీజు గడువు మామూలుగా 20 ఏళ్లు, విస్తీర్ణం 250 చదరపు కిలోమీటర్ల దాకా ఉండేవి. అంత మేరలో ఎన్ని ఊళ్లుంటాయో, ఎన్ని పట్టాలుంటాయో లెక్కేసుకోండి. తన అరెకరం ఒక మైనింగ్ లీజు లోపల ఉందని చాలామంది రైతులకు తెలిసే అవకాశమే లేదు.

గోదావరి డెల్టాలో ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ బావులు తవ్వడం మొదలైంది 1970ల చివర్లో, నరసాపురం వైపు నుంచి. అంటే నియమాలు రాసుకున్న ఇరవై ఏళ్లకు ఈ నేల వంతు వచ్చింది. సెంట్లలో లెక్కపెట్టుకునే కమతాలు, ఇంటి గోడ దాకా వచ్చే తోటలు, కాలువ గట్టునే ఊళ్లు. ఇలాంటి చోటును మనసులో పెట్టుకుని రాసిన నియమాలైతే ఇలా ఉండేవి కావని నా అభిప్రాయం.

రైతును నేరుగా తాకేది మాత్రం ఇంకో చట్టం, 1962 నాటి పైపులైన్ల చట్టం. దీని కింద భూమి యాజమాన్యం మారదు. పాసు పుస్తకంలో పేరు మనదే, శిస్తు మనదే. కంపెనీ తీసుకునేది 'వాడుకునే హక్కు' మాత్రమే. పైపు పూడ్చాక ఆ మేర మళ్లీ దున్నుకోవచ్చు. కానీ ఇల్లు కట్టకూడదు, చెరువు గానీ నుయ్యి గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి చేనైతే సరే, కొబ్బరితోటకు ఈ చివరి మాటే గొడ్డలిపెట్టు. పైపు వెళ్లిన బారునా చెట్లు లేచిపోతాయి, మళ్లీ మొక్క పెట్టే వీలు లేదు. కొట్టేసిన చెట్లకు నష్టపరిహారం ఒకసారి ఇస్తారు. దశాబ్దాల పాటు రావలసిన దింపులు అక్కడితో ఆగిపోతాయి.

నష్టానికి తోడు, వాడుకునే హక్కు కోసం భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇవ్వాలని చట్టం చెబుతోంది. దేని మీద 10 శాతమన్నదే తగువు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో రాసిన విలువ ఒకటి, ఊళ్లో చేతులు మారే ధర ఇంకోటి. గెజిట్ ప్రకటన వచ్చిన 21 రోజుల్లోపు అభ్యంతరం చెప్పుకోవచ్చు, పరిహారం చాలదనుకుంటే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు. గెజిట్ చదివే రైతు ఎంతమంది ఉంటారన్నది వేరే సంగతి.

కోనసీమలో ఈ విషయాలు గట్టిగా మాట్లాడుకోవడం ప్రమాదాల తర్వాతే జరిగింది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర 19వ నంబరు బావి బ్లోఅవుట్ అయి, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగదన్ని, అంటుకుంది. మంటలు ఆర్పి బావి మూయడానికి అమెరికా నుంచి నిపుణులు రావలసి వచ్చింది, 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్ పైపులైను పేలింది. తాటిపాక నుంచి విజయవాడ దగ్గరి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్లే 18 అంగుళాల గొట్టమది. తుప్పు పట్టిన చోట గ్యాస్ లీకై, ఊరి మీద పరుచుకుని, నిప్పు తగలగానే భగ్గుమంది. 20 మందికి పైగా చనిపోయారు. మొదటి ప్రమాదంలో ఓ బావి దగ్గరి ఊళ్లే భయపడ్డాయి. రెండోదాని తర్వాత, బావి లేకపోయినా కేవలం పైపు వెళ్లిన ప్రతి ఊళ్లో టెన్షన్ మొదలైంది.

అమెరికాలో చమురు పడ్డ రైతు కోటీశ్వరుడయ్యాడన్న కబుర్లు మనవాళ్లు తరచూ చెప్పుకుంటారు, టెక్సాస్‌లో పిల్లలున్నవాళ్లు మరీను. అవి ఉత్తవేం కావు. అక్కడ నేల కింది ఖనిజం మామూలుగా భూయజమానిదే. 1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో చమురు పడ్డాక, కంపెనీలు రైతుతోనే లీజు రాసుకునే పద్ధతి పాతుకుపోయింది. ఉత్పత్తిలో ఎనిమిదో వంతు రైతుకన్నది చాలాకాలం నడిచిన వాడుక. అయితే ఖనిజ హక్కును భూమి నుంచి విడదీసి అమ్ముకోవచ్చు కూడా. పాత యజమాని దాన్ని తన దగ్గరే ఉంచుకుంటే, కొత్తగా ఇల్లు కొన్నవాళ్లకు పైకప్పూ పెరడూ తప్ప కింది చమురులో వాటా ఉండదు.

మన దగ్గర 2013లో సుప్రీంకోర్టు కేరళలోని మలబారు భూయజమానుల కేసులో ఓ పెద్ద మాట చెప్పింది. చట్టబద్ధంగా తీసేసుకుంటే తప్ప, భూగర్భ ఖనిజం మీద హక్కు మామూలుగా భూమి యజమానిదే అంది. పేపర్లలో వచ్చినప్పుడు ఇక్కడా ఆశలు లేచాయి. కానీ ఆ కేసు చమురు గురించి కాదు. అదే ఏడాది వచ్చిన భూసేకరణ చట్టం కూడా పైపులైన్ల చట్టాన్ని, తాను వర్తించని 13 చట్టాల జాబితాలో (నాలుగో షెడ్యూల్‌లో) చేర్చింది. 2025లో 1948 నాటి చట్టాన్ని సవరించి 'పెట్రోలియం లీజు' అని కొత్తగా రాశారు. లీజు షరతులు మధ్యలో మారవన్న భరోసా, వివాదాలకు మధ్యవర్తిత్వం (ఆర్బిట్రేషన్), తప్పు చేస్తే జైలుకు బదులు జరిమానాలు అందులో ఉన్నాయి. ఈ కొత్త లీజుకూ ఒకవైపు ప్రభుత్వం, ఇంకోవైపు కంపెనీయే.