ఇంట్లో కాచే స్టెరాయిడ్ ఇంజక్షన్: వేడి మీది నమ్మకానికి వెనుక ఉన్న చరిత్ర

నెల్లూరు, ఒంగోలు నగరాలతో పాటు కావలి, ఆత్మకూరు, మార్కాపురం వంటి పట్టణాల్లోనూ పాత వ్యాయామశాలల స్థానంలోకి జిమ్‌లు వచ్చేశాయి. కండ పెంచే స్టెరాయిడ్ ఇంజక్షన్‌ను పొడి తెప్పించుకొని ఇంట్లోనే తయారు చేసుకోవచ్చనే ప్రచారం ఇప్పుడు ఫోన్ల ద్వారా అక్కడి యువకుల దాకా చేరుతోంది. దాని వెంటే ఒక సందేహమూ వస్తోంది: కాచేటప్పుడు వేడి మితిమీరితే మందు పాడవుతుందా? పైకి ఇది జాగ్రత్తపరుడి ప్రశ్నలాగే ఉంటుంది. అయితే వేడి ఒక్కటి అదుపులో ఉంటే తక్కినదంతా క్షేమమేనన్న భావన అందులో ఇమిడి ఉంది. ఆ భావన ఎంత ప్రమాదకరమో తెలియాలంటే ఈ మందు ఎలా పుట్టిందో, సూదిమందును సురక్షితంగా తయారు చేయడం లోకం ఎలా నేర్చుకుందో చూడాలి.

1889లో బ్రౌన్ సెకార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తన 72వ ఏట కుక్కల, గినీ పందుల వృషణాల నుంచి తీసిన సారాన్ని తానే ఎక్కించుకొని, పోయిన బలం తిరిగి వచ్చిందని ప్రకటించాడు. ఆ నీటి సారంలో హార్మోను దాదాపు లేనేలేదనీ, ఆయన పొందింది నమ్మకం ఇచ్చిన బలమేననీ తరువాతి కాలంలో తేలింది. అసలు పదార్థం చేతికి రావడానికి మరో నలభై ఏళ్లకు పైగా పట్టింది. 1931లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త బ్యూటనాంట్ బెర్లిన్ పోలీసుల నుంచి సేకరించిన వేల లీటర్ల మూత్రం నుంచి కొన్ని మిల్లీగ్రాముల ఆండ్రోస్టెరోన్ అనే పురుష హార్మోనును వేరు చేశాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకర్ బృందం దాదాపు 100 కిలోల ఎద్దు వృషణాల నుంచి 10 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ అనే ప్రధాన పురుష హార్మోనును రాబట్టింది; కండ పెంచే స్టెరాయిడ్లకు మూలం ఇదే. అదే ఏడాది బ్యూటనాంట్, మరో రసాయన శాస్త్రవేత్త రుజిచ్కా విడివిడిగా దాన్ని కృత్రిమంగా తయారు చేశారు. 1939 నోబెల్ బహుమతి వారికి దక్కింది. ఈ హార్మోను నీటిలో కరగదు. అందువల్ల దాని రసాయన రూపాన్ని కొంత మార్చి, నూనెలో కలిపి, కండరంలోకి ఎక్కించే పద్ధతి స్థిరపడింది. ఇంట్లో తయారీకి సంబంధించిన చిక్కులన్నీ ఈ నూనె దగ్గరే మొదలవుతాయి.

వేడి అన్ని క్రిములనూ చంపుతుందన్న నమ్మకం వంటింటి అనుభవం నుంచి వచ్చింది, తాగే నీటి విషయంలో అది చాలావరకు సరైనదే. కానీ మరిగించినా చావని బీజరూప క్రిములు ఉంటాయని 1877లోనే టిండల్ అనే శాస్త్రవేత్త చూపించాడు. 1879లో షాంబర్లాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రూపొందించిన ఆటోక్లేవ్ అనే పరికరం ఒత్తిడితో కూడిన ఆవిరితో ఆ లోటు తీర్చింది. అయితే ఆవిరి పని చేయాలంటే తేమ తగలాలి, నూనె లోపలికి తేమ చొరబడదు. ఇంకో సంగతి మరీ ముఖ్యం. శుద్ధి చేసిన నీటితో ఇచ్చిన ఇంజక్షన్లకు కూడా రోగులకు జ్వరం ఎందుకు వస్తోందని 1920లలో ఫ్లోరెన్స్ సైబర్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త పరిశోధించి, క్రిములు విడిచిపెట్టిన విష పదార్థాలే దానికి కారణమని తేల్చింది. క్రిమి చచ్చినా దాని విషం మిగిలిపోతుంది, మామూలు మరిగింపుకు అది లొంగదు. అందుకే మందుల కర్మాగారంలో వేడి అనేది ఎన్నో అంచెల్లో ఒకటి మాత్రమే. వడకట్టిన గాలి ఉండే గది, ముడిసరుకు పరీక్ష, ప్రతి బ్యాచ్‌కూ సూక్ష్మజీవుల పరీక్ష కలిస్తేనే ఒక సీసా బయటికి వస్తుంది.

వంటగది పొయ్యి మీద ఈ అంచెల్లో ఒక్కటీ ఉండదు. వేడి తగ్గితే క్రిములు మిగులుతాయి. పెరిగితే నూనె చెడుతుంది, అందులో కలిపే ద్రావకాల ఆవిరికి నిప్పు అంటుకోవచ్చు, మూత బిగించిన గాజు సీసా పగలవచ్చు. ఈ రెండింటి మధ్య సురక్షితమైన స్థానం ఒకటి ఉంటుందని ఆశించడమే పొరపాటు; ఎందుకంటే తెప్పించిన పొడి ఏమిటో, అందులో ఏ లోహాలు కలిశాయో ఏ వేడీ చెప్పలేదు, సరిచేయలేదు.

కర్మాగారంలో ఉండవలసిన పని ఇంటికి ఎలా వచ్చింది? 1958లో సిబా అనే మందుల సంస్థ డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్రను అమెరికా మార్కెట్‌లోకి తెచ్చాక బరువులెత్తేవారిలో వాడకం పెరిగింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1975లో అనబాలిక్ స్టెరాయిడ్లను, అంటే కండ పెంచే స్టెరాయిడ్లను నిషేధించి, మరుసటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పరీక్షలు మొదలుపెట్టింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పరుగువీరుడు బెన్ జాన్సన్ స్టెరాయిడ్ వాడి దొరికి పతకం పోగొట్టుకున్నాడు. 1990లో అమెరికా ఈ మందులను నియంత్రిత పదార్థాల జాబితాలో చేర్చే చట్టం చేసింది. సీసాలు దొరకడం కష్టమయ్యేసరికి వ్యాపారం పొడి రూపంలోకి మారింది. 2007లో అమెరికా మాదకద్రవ్య నియంత్రణ అధికారులు జరిపిన దాడుల్లో చైనా నుంచి వచ్చిన పొడితో నడుస్తున్న 56 రహస్య తయారీ కేంద్రాలు బయటపడ్డాయి. ఇంట్లో తయారీ చిట్కాలు ఆ చాటుమాటు వ్యాపారంలో పెరిగినవే తప్ప వైద్యశాస్త్రం నుంచి వచ్చినవి కావు.

మన దేశంలో ఇవి వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందులు. లైసెన్సు లేకుండా మందు తయారు చేసి అమ్మడం 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం జైలు శిక్ష పడే నేరం. క్రీడాకారులకు డోపింగ్ నిరోధక నిబంధనలు అదనంగా వర్తిస్తాయి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో చాలామంది యువకులు కానిస్టేబుల్ ఉద్యోగం కోసమే ఒళ్లు పెంచుకుంటున్నారు. ఆ దేహదారుఢ్య పరీక్షల్లో చూసేది ఎత్తు, గాలి పీల్చినప్పుడు ఛాతీ విస్తరణ, 1600 మీటర్ల పరుగు వంటివి. కొని తెచ్చుకున్న కండ వీటిలో దేనికీ అక్కరకు రాదు. పైగా పరుగులో గుండె మీద భారం పెంచుతుంది. బయటి హార్మోను ఎక్కిస్తే శరీరం తన సొంత ఉత్పత్తిని తగ్గించుకుంటుంది, వీర్యకణాలు పడిపోతాయి. పెళ్లీడు కుర్రవాళ్లకు ఈ మాట ఎవరూ ముందుగా చెప్పకపోవడం నన్ను ఎంతో బాధపెడుతోంది.

ఇప్పటికే అలాంటి సూది వేసుకున్నవారు, ఆ చోట గట్టిపడి ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, ఇంజక్షన్ వెంటనే దగ్గుతో ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వేసుకున్నది ఇంట్లో చేసిన మందని డాక్టరుకు దాచకుండా చెప్పాలి. క్షయ క్రిమి జాతికి చెందిన కొన్ని సూక్ష్మజీవులు ఇలాంటి గడ్డల్లో పెరుగుతాయి, మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగవు. ఆ సంగతి తెలిస్తేనే డాక్టరు చీమును వేరే పరీక్షకు పంపించి, నెలల తరబడి సాగే సరైన చికిత్సను మొదలుపెట్టగలుగుతారు.